కాలదోషం పట్టని ఋణం

మానవుడు ఋణాలతోనే జన్మిస్తాడని వేదం చెబుతోంది. దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అనే మూడింటినీ యజ్ఞం చేత, అధ్యయనం చేత, సంతానం చేత తీర్చుకోవాలని తైత్తిరీయ సంహిత ఉపదేశించింది. అథర్వవేదం ఆరవ కాండలో ఋణవిముక్తి కోసమే ప్రత్యేకంగా సూక్తాలున్నాయి. ఇహంలోనూ పరంలోనూ అప్పు లేనివారమై మెలగాలన్నదే వాటిలోని ప్రార్థన.

మరి ఎప్పుడో చేసిన అప్పు, అడగడానికి చట్టమే అవకాశం ఇవ్వని పాత అప్పు మాటేమిటి? దానిని తీర్చాలా, మరచిపోవచ్చా? ఈ ప్రశ్నకు ఉపన్యాసంతో కాక తన నడవడితో సమాధానం చెప్పిన మహనీయుడు దేశబంధు చిత్తరంజన్ దాస్. స్వాతంత్ర్య సమరయోధుడిగా ఆయన మీ అందరికీ తెలుసు. ఋణం తీర్చిన కుమారుడిగా కూడా ఆయనను తెలుసుకోవాలి.

చిత్తరంజన్ 1870 నవంబరు 5న కలకత్తాలో జన్మించారు. వారి పూర్వీకులది ఢాకా ప్రాంతంలోని విక్రమపురం. తండ్రి భువనమోహన్ దాస్ కలకత్తా హైకోర్టులో సొలిసిటర్, బ్రహ్మసమాజ అనుయాయి. చేయి చాచినవారిని వట్టి చేతులతో పంపలేని స్వభావం ఆయనది. ఆదాయాన్ని మించిన దాతృత్వం, మిత్రుల కోసం నెత్తిన వేసుకున్న పూచీలు ఆ కుటుంబాన్ని అప్పులలో ముంచాయి.

చిత్తరంజన్ ప్రెసిడెన్సీ కళాశాలలో పట్టా పొంది, సివిల్ సర్వీసు పరీక్ష కోసం ఇంగ్లండు వెళ్లారు. అందులో కృతార్థులు కాలేదు. బారిస్టరై స్వదేశానికి తిరిగివచ్చారు. ఇంటికి వచ్చిన కుమారుడికి ఎదురైనవి తండ్రి అప్పులు. వాటి బాధ్యతలో తానూ పాలుపంచుకున్నారు. కొత్త బారిస్టరుకు కేసులు అంతంతమాత్రం, ఋణదాతల ఒత్తిడి మాత్రం నానాటికీ అధికం. చివరకు 1906లో తండ్రీకొడుకులిద్దరూ దివాలా ప్రకటించవలసి వచ్చింది.

పరువే ప్రాణంగా బ్రతికే కుటుంబానికి ఆ మాట ఎంతటి శరాఘాతమో మీరు ఊహించగలరు. అయితే చట్టం దృష్టిలో అదొక రక్షణ కూడా. ఇక ఏ ఋణదాతా వారిని పాత బాకీల కోసం న్యాయస్థానానికి ఈడ్వలేడు.

అటుపై కాలం మారింది. 1908లో ఆరంభమైన అలీపూర్ బాంబు కేసులో అరవిందుల పక్షాన చిత్తరంజన్ వాదించారు. 1909 మే నెలలో అరవిందులు నిర్దోషిగా విడుదలయ్యారు. ఆ విజయంతో చిత్తరంజన్ కీర్తి దేశమంతటా వ్యాపించింది. పెద్ద పెద్ద వ్యాజ్యాలు వెదుక్కుంటూ వచ్చాయి, వాటి వెంట సంపదా వచ్చింది.

ఇక్కడే ఆయన ఔన్నత్యాన్ని గమనించండి. ధనం చేతికి రాగానే ఆయన దృష్టి పాత లెక్కల మీదికి మళ్లింది. అడిగే హక్కును చట్టరీత్యా కోల్పోయిన ఋణదాతలందరికీ 1913లో పూర్తిగా బాకీ చెల్లించి, దివాలా ఉత్తర్వును రద్దు చేయించుకున్నారు. ఎవరూ తలుపు తట్టలేదు, ఏ న్యాయాధిపతీ ఆదేశించలేదు. తన అంతరాత్మ ముందు తండ్రి పేరు, తన పేరు నిష్కళంకంగా ఉండాలన్నదే ఆయన కోరిక. న్యాయవాద వర్గంలో ఆ చర్య గొప్ప ఆశ్చర్యాన్ని, అంతకు మించిన గౌరవాన్ని కలిగించింది.

మరో విషయమూ గుర్తుంచుకోవాలి. 1906 నుంచి 1913 వరకు ఏడేళ్లు గడిచాయి. శక్తి లేని నాడు ఆయన చట్టం ఇచ్చిన ఆశ్రయంలో నిలిచారు. అది అధర్మం కాదు. శక్తి వచ్చిన నాడు ఆ ఆశ్రయాన్ని తానే వదులుకున్నారు. అది ఉత్తమ ధర్మం.

ఆ తరువాతి జీవితమంతా త్యాగమయం. బ్రహ్మసమాజ కుటుంబంలో పుట్టినా ఆయన హృదయం వైష్ణవ భక్తి వైపు మొగ్గింది. 'నారాయణ' అనే పత్రికను నడిపారు. కవిత్వం రచించారు. సహాయ నిరాకరణోద్యమంలో వేలాది రూపాయల ఆదాయమున్న వృత్తిని త్యజించారు. 1921లో కారాగారానికి వెళ్లారు. 1922లో గయ కాంగ్రెసుకు అధ్యక్షత వహించారు. 1924లో కలకత్తా నగర మేయరు అయ్యారు. చివరకు నివాస భవనాన్ని సైతం ప్రజాహితానికి సమర్పించి, 1925 జూన్ 16న డార్జిలింగులో దేహం చాలించారు. ఆ ఇంటిలోనే స్త్రీల కోసం చిత్తరంజన్ సేవాసదనం అనే వైద్యశాల వెలసింది.

ఆలయానికి వచ్చే భక్తులలో కొందరు, తండ్రి ఎప్పుడో వ్రాసిన నోటు పట్టుకుని ఇప్పుడెవరో వేధిస్తున్నారని వాపోతుంటారు. హరిశ్చంద్రుని వెంట పడిన నక్షత్రకుడు నేటికీ రూపాలు మార్చుకుని తిరుగుతూనే ఉన్నాడు. అటువంటివారు దేశబంధు చరిత్రతో పాటు నేటి చట్టాన్నీ తెలుసుకోవాలి.

1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం సాధారణ ప్రామిసరీ నోటుపై దావాకు గడువు మూడేళ్లు. ఆ గడువులోగా ఋణగ్రస్తుడు సంతకంతో బాకీని అంగీకరించినా, చెల్లు వేసినా గడువు మళ్లీ మొదలవుతుంది. అవేవీ లేకుంటే నోటుకు కాలదోషం పడుతుంది. బాకీ ఉండవచ్చును గాని, దావా నిలవదు. అయితే అటువంటి బాకీని చెల్లిస్తానని కొత్తగా వ్రాసి సంతకం చేస్తే, ఆ కాగితం మీద మళ్లీ దావా వేయవచ్చు. కనుక బెదిరింపులకు లోబడి దేనిపైనా సంతకం చేయకండి. ముందు పత్రాలు, లెక్కలు చూపమనండి. న్యాయవాదిని సంప్రదించండి.

తండ్రి అప్పు కుమారుడు తీర్చాలని ధర్మశాస్త్రాలు విధించాయి. మద్యం, జూదం, కామం కోసం చేసిన అప్పులను ఆ స్మృతులే మినహాయించాయి. వడ్డీ అసలును మించరాదని మనువు హద్దు గీశాడు. 2005 సెప్టెంబరు 9న అమలులోకి వచ్చిన హిందూ వారసత్వ సవరణ చట్టం, ఆ తరువాత చేసిన అప్పులకు కేవలం పుత్రధర్మం పేరుతో కుమారుణ్ణి బాధ్యుణ్ణి చేయరాదని స్పష్టం చేసింది. వారసుని బాధ్యత తనకు సంక్రమించిన ఆస్తి మేరకే. బ్యాంకుల వసూలు ప్రతినిధులు ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 గంటల తరువాత ఫోను చేయరాదని, వేధింపులకు, అవమానాలకు పాల్పడరాదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో ఆదేశించింది.

చట్టం చేసిన పని ఋణదాత చేతిలోని కత్తిని తీసివేయడం. ఋణగ్రస్తుని హృదయంలోని సాక్షిని అది తీసివేయదు. లేనివాడిని పాత కాగితంతో హింసించడం పాపం. ఉండి కూడా, కష్టకాలంలో మనల్ని నమ్మి సొమ్ము ఇచ్చినవారి బాకీని కాలదోషం పేరుతో ఎగవేయడమూ ధర్మం కాదు. మీ ఇంట పాత బాకీ ఏదైనా ఉంటే, అది నిజమైనదా అని విచారించండి. నిజమైతే, శక్తి ఉంటే, నెమ్మదిగానైనా ఇచ్చి రసీదు పుచ్చుకోండి. శక్తి లేకుంటే భయపడకండి, సిగ్గుపడకండి. ఏడేళ్లు ఓర్పుతో వేచిన దేశబంధును తలచుకోండి. సంకల్పం చెడకుండా ఉంటే, తీర్చే రోజును భగవంతుడే చూపిస్తాడు.