ఊపిరితో రైలు నడిపిన కళాకారుడు - డీఫోర్డ్ బెయిలీ

మనం మౌత్ ఆర్గాన్ అని పిలుచుకునే హార్మోనికా చాలా చిన్న వాద్యం. చొక్కా జేబులో పడుతుంది. వీణలా, వయొలిన్‌లా దానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. అందుకే అది పేదవాళ్ళ చేతుల్లోకి తొందరగా చేరింది. ఆ చిన్న వాద్యంతోనే అమెరికా రేడియో చరిత్రలో నిలిచిపోయిన నల్లజాతి కళాకారుడు డీఫోర్డ్ బెయిలీ. ఆయన జీవితం మన హాస్టల్ తమ్ముళ్ళు, చెల్లెళ్ళు తప్పక తెలుసుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మంచం మీద మొదలైన చదువు

బెయిలీ 1899 డిసెంబరు 14న టెనెసీ రాష్ట్రంలోని స్మిత్ కౌంటీలో పుట్టాడు. ఆయన తాత బానిసగా పుట్టి విముక్తి పొందినవాడు, మంచి ఫిడేలు వాద్యకారుడు. బెయిలీకి ఏడాది దాటిన కొద్ది రోజులకే తల్లి చనిపోయింది. మేనత్త పెంచి పెద్ద చేసింది. మూడో ఏట పోలియో సోకింది. దాదాపు ఏడాది పాటు మంచం దిగలేదు. అప్పుడు ఆ పిల్లవాడికి తోడుగా ఉన్నది హార్మోనికా ఒక్కటే. బయట కుక్కలు మొరిగినా, గాలి వీచినా, దూరాన రైలు కూత పెట్టినా చెవి ఒగ్గి వినేవాడు. విన్నదాన్ని వాద్యంలో పలికించేవాడు. ప్రాణం దక్కింది కానీ వీపు కొద్దిగా వంగిపోయింది, ఎత్తు ఐదడుగులకు చేరలేదు.

బడికి వెళ్ళే దారిలో ఒక రైలు వంతెన ఉండేది. దాని కింద నిలబడి, కళ్ళు మూసుకుని, పైన పోయే రైలు శబ్దం వినేవాడు. తర్వాత ఆ శబ్దాన్నే వాయించుకుంటూ బడికి నడిచేవాడు. ఆయనకు సంగీత పాఠశాల అదే.

వాద్యం లోపల ఏముంది?

ఆయన గొప్పతనం అర్థం కావాలంటే హార్మోనికా ఎలా పలుకుతుందో కొంచెం తెలియాలి. పది రంధ్రాల హార్మోనికాలో ఇరవై ఇత్తడి రీడ్లు ఉంటాయి. ప్రతి రంధ్రంలో ఊదితే ఒకటి, పీలిస్తే ఒకటి పలుకుతాయి. మన పద్యనాటకాల హార్మోనియంలో ఉండేవీ ఈ జాతి రీడ్లే. అయితే హార్మోనియంలో గాలి తిత్తి నుంచి వస్తుంది. ఇక్కడ మన గుండెల్లోంచి వస్తుంది. అందుకే నాలుకను, గొంతును మార్చి స్వరాన్ని కిందికి వంచవచ్చు. దీన్ని బెండింగ్ అంటారు.

కింది ఆరు రంధ్రాల్లో పీల్చేటప్పుడు, పై మూడు రంధ్రాల్లో ఊదేటప్పుడు స్వరం వంగుతుంది. రంధ్రంలోని రెండు రీడ్ల స్వరాల మధ్య ఎడం ఎక్కువైతే ఎక్కువ వంగుతుంది. మూడో రంధ్రంలో మూడు అర్ధస్వరాల దాకా దించవచ్చు. ఐదో రంధ్రంలో ఒక్క అర్ధస్వరం కూడా పూర్తిగా రాదు. సి శ్రుతి వాద్యాన్ని జి శ్రుతిలో వాయించే పద్ధతి కూడా ఇందుకే వచ్చింది. అప్పుడు పీల్చే స్వరాలు ముఖ్యమవుతాయి, వాటిని కావలసినట్టు వంచుకోవచ్చు.

బెయిలీ ఇవన్నీ ఏ పుస్తకమూ చూడకుండా సాధించాడు. చక్రాల చప్పుడుకు ఊపిరి, నాలుక. కూతకు రెండు మూడు స్వరాలు కలిపి వంచడం. రైలు దూరమవుతున్నట్టు వినిపించడానికి అరచేతుల దొప్ప మెల్లగా మూయడం. ఇంతే సామగ్రి.

కొత్తగా నేర్చుకునేవారు సాధారణంగా రెండో రంధ్రం పీల్చినప్పుడు మూగబోతే రీడు పాడైందనుకుంటారు. చాలాసార్లు రీడుకు ఏమీ కాదు. గట్టిగా లాగడం వల్ల, నాలుక పైకి లేవడం వల్ల అది ఉక్కిరిబిక్కిరవుతుంది. దవడ వదులు చేసి, పొట్ట నుంచి నెమ్మదిగా పీలిస్తే పలుకుతుంది.

నిజంగా రీడు ఇరుక్కుంటే కారణాలు కొన్నే. ఉమ్మి ఎండిపోవడం, తిండి తునక, జేబులోని నూలుపోగు, లేదా రీడు పక్కకు జరిగి గాడి అంచుకు రాసుకోవడం. ముందు రంధ్రాలు కిందికి పెట్టి అరచేతి మీద మెల్లగా తట్టాలి. తగ్గకపోతే పై రేకులు విప్పి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. పలుచని కాగితం ముక్కను రీడుకూ గాడికీ మధ్య జరిపితే మురికి వచ్చేస్తుంది. పక్కకు జరిగిన రీడును మధ్యకు నెట్టాలి, బలం వాడకూడదు. రీడు కొన గాడికి మరీ ఆనుకుని ఉంటే గట్టిగా ఊదగానే మూగబోతుంది, మరీ లేచి ఉంటే గాలి వృథా అవుతుంది. మధ్యలో చెక్క ఉన్న వాద్యాన్ని నీళ్ళలో ముంచరాదు, ఉబ్బుతుంది. వాయించే ముందు నోరు పుక్కిలించాలి. ఒకరి వాద్యం మరొకరు ఊదరాదు.

రేడియో తార

బెయిలీ యవ్వనంలో నాష్‌విల్ చేరి చిన్నచిన్న పనులు చేసుకుంటూ బతికాడు. అక్కడి డబ్ల్యు.ఎస్.ఎం. రేడియోలో వాయించే అవకాశం వచ్చింది. 1927 డిసెంబరులో ఒక రాత్రి శాస్త్రీయ సంగీత కార్యక్రమం ముగియగానే ఆయన తన రైలు పాట పాన్ అమెరికన్ బ్లూస్ వాయించాడు. ఆ సందర్భంలోనే జార్జ్ హే ఆ కార్యక్రమానికి గ్రాండ్ ఓల్ ఓప్రీ అని పేరు పెట్టాడు. ఆ పేరు నేటికీ ఉంది. 1928లో 52 వారాల్లో 49 వారాలు బెయిలీ వాయించాడు. అంత ఎక్కువగా వినిపించిన కళాకారుడు ఆ ఏడాది మరొకరు లేరు. అదే ఏడాది విక్టర్ కంపెనీ నాష్‌విల్‌లో చేసిన తొలి రికార్డింగుల్లో ఆయన పాటలూ ఉన్నాయి.

రేడియోలో రంగు కనపడదు. ఊళ్ళు తిరిగి ప్రదర్శనలిచ్చేటప్పుడు మాత్రం కనపడింది. వేదిక మీద చప్పట్లు కొట్టిన ఊళ్ళోనే ఆయనకు హోటల్లో గది ఇచ్చేవారు కాదు, తెల్లవాళ్ళతో కలిసి భోజనం పెట్టేవారు కాదు.

గెంటివేత

1941లో పాటల హక్కుల విషయంలో రేడియో కంపెనీలకూ హక్కుల సంఘానికీ గొడవ వచ్చింది. బెయిలీకి పేరు తెచ్చిన పాటలు ప్రసారం చేయడం కుదరలేదు. ఆ ఏడాదే ఆయన్ను తీసేశారు. తర్వాత హే తన పుస్తకంలో బెయిలీ కొత్తవి నేర్చుకోని సోమరి అన్న అర్థం వచ్చేలా రాశాడు. పోలియో మంచం మీద పడుకుని సొంతంగా ఒక వాద్య పద్ధతినే కనిపెట్టుకున్నవాడు సోమరి అట! ఇలాంటి ముద్రలు మన తాతలకూ తెలుసు, మన తరగతి గదుల్లో మనకూ తెలుసు.

ఆయన చేయి చాచలేదు. బూట్లు పాలిష్ చేసే దుకాణం నడిపి ముగ్గురు పిల్లల్ని పెంచాడు. 1971లో నగర పునర్నిర్మాణంలో అదీ పోయింది. 1974లో, తన 75వ పుట్టినరోజున, ఓప్రీ వేదిక మీద మళ్ళీ వాయించాడు. 1982 జులై 2న కన్నుమూశాడు. 2005లో కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరు చేర్చారు. అప్పటికి ఆయన పోయి 23 ఏళ్ళు.

మిత్రులారా! గౌరవం ఆలస్యంగా వచ్చింది కదా అని దీన్ని సుఖాంతం అనుకోలేం. ముప్పై ఏళ్ళు ఆ వేదిక ఆయన వాద్యాన్ని పోగొట్టుకుంది. రీడు పలకనప్పుడు బాగుచేసేవాడు ముందు దాన్ని తిట్టడు. గాడిలో ఏం అడ్డుపడిందో చూస్తాడు. మన హాస్టళ్ళ నుంచి వచ్చే పిల్లలు తరగతిలో నోరు విప్పకపోతే, వాళ్ళకు రాదని తీర్పు చెప్పేవారు ఆ ఓపిక కొంచెం నేర్చుకోవాలి. ఈలోగా మనం బెయిలీలాగే వింటూ ఉందాం, సాధన చేస్తూ ఉందాం.