వెంగమ్మను ఎవరైనా అడిగారా?

మనిషి కాస్త తేడాగా కనిపిస్తే చాలు, మనవైపు మాటలకు కొదవలేదు. గాలి సోకిందంటారు, దయ్యం పట్టిందంటారు, మతి చలించిందంటారు. ఆ మాటలు చెవిన పడ్డప్పుడల్లా నాకు తరిగొండ వెంగమాంబ గుర్తుకొస్తుంది.

వెంగమ్మ 1730లో మన చిత్తూరు సీమలోని తరిగొండలో కృష్ణయ్య, మంగమ్మ దంపతులకు పుట్టింది. ఆటపాటలు పట్టవు. ఎప్పుడూ గుడి, ధ్యానం. పిల్లకు పిచ్చేమోనని ఊళ్ళో చెవులు కొరుక్కున్నారట. పెళ్ళయితే కుదురుకుంటుందని చిన్నప్పుడే చేసేశారు. (ఈ మందు మన ఇళ్ళల్లో ఇంకా వాడుతూనే ఉన్నాం!) భర్త వేంకటాచలపతి కొన్నాళ్ళకే పోయాడు. తన పెనిమిటి వేంకటేశ్వరుడేననీ, బొట్టూ జుట్టూ తీయననీ వెంగమ్మ భీష్మించింది. ఇక ఊరికి అనుమానం తీరిపోయింది.

ఇప్పటి మానసిక వైద్యులైతే ముందు మనిషిని మాట్లాడనిస్తారు. ఒక మాటకూ ఇంకో మాటకూ పొత్తు కుదురుతోందా, మధ్యలో తెగిపోతోందా, మరీ వడిగా ఉందా, అసలు మాటే తగ్గిపోయిందా అని గమనిస్తారు. నమ్మకం ఎంత వింతగా తోచినా, ఆ మనిషి పుట్టిపెరిగిన సమాజంలో అది ఉన్నదే అయితే అంతమాత్రాన జబ్బని రాసుకోరు. దేవుణ్ణి భర్త అనుకోవడం మనకు కొత్తా? గోదాదేవికి దండం పెట్టే మనవాళ్ళే వెంగమ్మను పిచ్చిదన్నారు.

మదనపల్లెలో సుబ్రహ్మణ్య దేశికుల దగ్గర ఆమె యోగం నేర్చుకుంది. తర్వాత తిరుమల చేరింది, తుంబురకోనలో తపస్సు చేసింది. చిన్నప్పుడు అయ్యవారి దగ్గర ఓనమాలైనా దిద్దలేదని తనే రాసుకున్న మనిషి శతకం, యక్షగానాలు, వేంకటాచల మాహాత్మ్యం రాసింది. మాటల్లో పొత్తుకు ఇంతకన్నా రుజువేం కావాలి?

నన్ను ఆపేది మాత్రం ద్విపదలో ఆమె చెప్పిన వాసిష్ఠ రామాయణం. తీర్థయాత్రలు తిరిగొచ్చిన రాముడు తిండి మానేసి, ఎవరితోనూ కలవక, ఒంటరిగా కూర్చుంటాడు. దశరథుడికి దిగులు. సభకు పిలిపించి ఏమైందని అడుగుతారు. రాముడు మనసులో ఉన్నదంతా చాలాసేపు చెప్పుకుంటాడు. అడ్డం తగలకుండా అదంతా విన్నాకనే వశిష్ఠుడు బోధ మొదలుపెడతాడు. ఎన్నో కథలుండగా వెంగమ్మ దీన్నే తెలుగు చేయడం ఊరికే జరిగిందని నేననుకోను.

1817లో తిరుమలలోనే కన్నుమూసింది. రాత్రి ఏకాంతసేవలో ఆమె పేర ముత్యాలహారతి ఇప్పటికీ ఇస్తున్నారు.