పూడని గాయంతో పదహారేళ్లు

మనోవిశ్లేషణ శాస్త్రానికి ఆద్యునిగా సిగ్మండ్ ఫ్రాయిడ్ పేరు జగద్విదితం. అయితే ఆయన తన జీవితంలోని చివరి పదహారు సంవత్సరాలు అంగిటిలో పూడని రంధ్రంతో గడిపారన్న సంగతి చాలామందికి తెలియదు.

నేటి చెక్ రిపబ్లిక్‌లోని ఫ్రైబర్గ్ పట్టణంలో, ఉన్ని వ్యాపారి అయిన ఒక యూదు గృహస్థు ఇంట 1856 మే 6న ఫ్రాయిడ్ జన్మించారు. ఆయన బాల్యంలోనే కుటుంబం వియన్నాలో స్థిరపడింది. 1881లో వైద్య పట్టా పుచ్చుకొని, నరాల వ్యాధులకు చికిత్స చేస్తూ, మనసు లోతులను శోధించే కొత్త శాస్త్రానికి పునాది వేశారు. యౌవనంలో అలవడిన చుట్ట మాత్రం ఆయనను వీడలేదు. రోజుకు ఇరవై చుట్టల వరకు కాల్చేవారు.

1923 ఆరంభంలో అంగిటి కుడివైపున ఒక మచ్చ కనిపించింది. ఏప్రిల్‌లో జరిగిన మొదటి శస్త్రచికిత్స తరువాత రక్తస్రావం ఆగక ప్రాణం మీదికి వచ్చింది. అదే గదిలోని మరో రోగి పరుగున వెళ్లి సహాయం పిలవడంతో గండం గడిచింది. వ్యాధి పేరును వైద్యులు మొదట ఆయనకు చెప్పలేదు.

ఆ అక్టోబరులో దవడల శస్త్రవైద్యుడు హాన్స్ పిష్లర్ చికిత్స బాధ్యత స్వీకరించారు. మొదట మెడలోని గ్రంథులను, వారం తరువాత కుడి పైదవడను, అంగిటిలో కొంత భాగాన్ని తొలగించారు.

క్యాన్సర్‌ను తొలగించడం ఒక ఎత్తు, ఆ గాయాన్ని పూడ్చడం మరొక ఎత్తు. చేతి నుంచి తీసిన పలుచని చర్మాన్ని పిష్లర్ గాయం లోపల అతికించారు. అది పచ్చిపుండును కప్పగలిగింది గాని, నోటికీ ముక్కుకూ నడుమ ఏర్పడిన ద్వారాన్ని మూయలేకపోయింది. అందుకని దంతాలతో కూడిన పెద్ద పలకను అమర్చారు. అది లేనిదే తిన్నది ముక్కులోకి పోయేది, మాట స్పష్టంగా వచ్చేది కాదు. బిగుతైతే పుండ్లు పడేవి. కొంతసేపు తీసి ఉంచితే కండ ముడుచుకొని పలక తిరిగి పట్టేది కాదు. దానిని అమర్చడంలో చిన్న కుమార్తె అన్నా తండ్రికి చేదోడుగా నిలిచారు. కుడి చెవికి వినికిడి పోగా, రోగులు పడుకునే మంచాన్ని ఆయన ఎడమ చెవికి అనువుగా మార్పించుకున్నారు.

మొత్తం ముప్పైకి పైగా శస్త్రచికిత్సలు జరిగాయి. అయినా రచన ఆపలేదు. 1930లో గేటే పురస్కారం అందుకున్నారు. చుట్టను మాత్రం పూర్తిగా మానలేకపోయారు. నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించగా 1938 జూన్‌లో లండన్ చేరుకున్నారు. పిష్లర్ అక్కడికీ వచ్చి మరోసారి కత్తిపట్టారు. 1939 సెప్టెంబరు 23న ఫ్రాయిడ్ కన్నుమూశారు.

మరో నాలుగు దశాబ్దాలకు, 1979లో, అమెరికా వైద్యుడు స్టీఫెన్ అరియన్ ఛాతీ కండను దానిపై చర్మంతో సహా, రక్తనాళం తెగకుండా పైకి మళ్లించి ఇటువంటి గాయాలను మూసే పద్ధతిని ప్రకటించారు. ముంజేతి చర్మాన్ని, పిక్క ఎముకను తీసి, వాటి రక్తనాళాలను మెడలోని నాళాలకు కుట్టే విధానాలు తరువాత వ్యాప్తిలోకి వచ్చాయి. రక్తప్రసరణ ఉన్న కండ గనుక అది బతికి, లోతైన గాయాన్ని సైతం పూడుస్తుంది. అంగిటి కోల్పోయిన కొందరికి నేటికీ పలకే ఆధారం.

శ్రీకాకుళం, ఒడిశా సరిహద్దు పల్లెల్లో నిప్పు ఉన్న కొనను నోటిలో ఉంచుకొని కాల్చే అడ్డపొగ కూడా అంగిటికే చేటు తెస్తుంది. నోటిలో తెల్లమచ్చ గాని, రెండు వారాలైనా మానని పుండు గాని కనిపిస్తే వెంటనే వైద్యునికి చూపించాలి. వ్యాధి చిన్నదిగా ఉన్నప్పుడే తొలగిస్తే, పూడ్చవలసిన గాయమూ చిన్నదే అవుతుంది.