తొలి అర్ధవాహక శోధకుడు – జగదీశ్ చంద్రబోస్

మొక్కల స్పందనలను లోకానికి చూపిన శాస్త్రవేత్తగానే జగదీశ్ చంద్రబోస్‌ను మనం సాధారణంగా స్మరిస్తాం. నేటి ఎలక్ట్రానిక్ పరికరాలకు ఆధారమైన అర్ధవాహకాల చరిత్రలోనూ ఆయనది తొలి అధ్యాయమే.

బోస్ 1858 నవంబరు 30న, నేడు బంగ్లాదేశ్‌లో ఉన్న మైమెన్‌సింగ్‌లో జన్మించారు. తండ్రి భగవాన్ చంద్ర ప్రభుత్వోద్యోగి అయినా, కుమారుణ్ణి సామాన్యుల పిల్లలు చదివే బెంగాలీ బడికే పంపారు. కేంబ్రిడ్జిలో విద్య ముగించిన బోస్ 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్ర ఆచార్యులయ్యారు.

ఆ రోజుల్లో ఆంగ్లేయుని వేతనంలో మూడింట రెండు వంతులే భారతీయునికి దక్కేది. తాత్కాలిక నియామకమన్న నెపంతో బోస్‌కు అందులోనూ సగమే నిర్ణయించారు. ఆయన ఆ సొమ్ము ముట్టలేదు. అలాగని పాఠం చెప్పడమూ మానలేదు. తండ్రి అప్పుల పాలైన ఆ కష్టకాలంలో మూడేళ్ళు వేతనం లేకుండానే బోధించారు. చివరకు అధికారులే దిగివచ్చి, పూర్తి వేతనాన్ని బకాయిలతో సహా చెల్లించారు. తండ్రి ఋణాలు తీరాయి.

1894లో ఒక చిన్న గదినే ప్రయోగశాలగా చేసుకొని, స్థానిక పనివాని సహాయంతో పరికరాలు నిర్మించుకొన్నారు. మరుసటి సంవత్సరం కలకత్తా టౌన్‌హాలులో, గోడలను దాటి వెళ్ళిన విద్యుత్తరంగాలతో గంట మోగించి, తుపాకిమందును పేల్చి చూపారు. అయితే కంటికి కనిపించని తరంగాన్ని పసిగట్టడమే అసలు చిక్కు. లోహపు రజనుతో చేసిన నాటి గ్రాహకాలు నమ్మదగినవి కావు. బోస్ దృష్టి సీసం, గంధకం కలిసిన గెలీనా అనే ఖనిజంపై పడింది. గెలీనా స్ఫటికాన్ని సూదిమొనంత సన్నని స్పర్శతో వలయంలో కలిపి, స్వల్ప విద్యుత్తును పంపారు. తరంగం సోకగానే ప్రవాహం మారి గాల్వనామీటరు ముల్లు కదిలింది. వోల్టేజికి అనుపాతంగా ప్రవాహం పెరగాలన్న ఓమ్ నియమానికి ఆ స్పర్శబిందువు లొంగలేదు. మీరు ప్రయోగశాలలో గీసే డయోడు వక్రరేఖ సరళరేఖ కాకపోవడానికి మూలం ఇటువంటి స్వభావమే. ఆ పరికరం కాంతికి కూడా స్పందించింది!

1901లో లండనులో ఒక టెలిగ్రాఫ్ సంస్థ యజమాని లాభంలో సగం ఇస్తానని ఆశపెట్టినా బోస్ అంగీకరించలేదు. విజ్ఞానాన్ని విక్రయించరాదన్నది ఆయన నియమం. మిత్రురాలు సారా బుల్ పట్టుదల వల్ల 1904 మార్చి 29న అమెరికా పేటెంటు లభించింది. అర్ధవాహక పరికరానికి దక్కిన తొలి పేటెంటుగా దీనిని పరిగణిస్తారు. దాని నుండి ఆయన ఒక్క రూపాయి కూడా ఆశించలేదు. ఇది లౌక్యం లేకపోవడం అనేవారున్నారు. జీతం విషయంలో అంత పట్టుబట్టిన మనిషికి ధనం విలువ తెలియదనడం సమంజసం కాదు.

తరువాత ఆయన దృష్టి వృక్షాలవైపు మళ్ళింది. 1917లో కలకత్తాలో బోస్ విజ్ఞాన మందిరాన్ని స్థాపించారు. 1937 నవంబరు 23న గిరిడీలో మరణించారు. పదేళ్ళ తరువాత, 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బార్డీన్, బ్రాటెయిన్ తొలి ట్రాన్సిస్టరును రూపొందించారు. అందులోనూ స్ఫటికాన్ని తాకుతూ సన్నని లోహపు మొనలే ఉన్నాయి. రేడియో తరంగాలను అర్ధవాహక స్ఫటికంతో తొలిసారి గుర్తించిన ఘనత బోస్‌దేనని ఆ బ్రాటెయినే 1955లో పేర్కొన్నారు.