దొర్నకల్‌కు వచ్చి ఇక్కడివారైన అజరయ్యగారు

ధ్యానభాగములు: రోమా 1:11-12; 3 యోహాను 5-8



చలికాలము వచ్చినదంటే మన గ్రామ సంఘములకు దూరదేశములనుండి అతిథులు వచ్చుట కద్దు. గుడికి సున్నము వేయుదుము. పిల్లలకు పాటలు నేర్పుదుము. బంతిపూల దండలు గ్రుచ్చుదుము. అతిథులు వచ్చి, చూచి, ఫోటోలు తీసికొని, ప్రొద్దు గ్రుంకక మునుపే కారెక్కి వెళ్లిపోవుదురు. వారు వెళ్లిన పిమ్మట ఎంత ఇచ్చిరని మనము లెక్కించుకొందుము. మన పేదరికమును గూర్చి వారు తమ ఊరిలో చెప్పుకొందురు. ఇతరులను ఎందుకు అనవలెను? అట్టి దినమున పగిలిన పెంకులను వ్రేలు పెట్టి చూపించి, సంఘములోని విశ్వాసమును చూపింప మరచినవాడను నేనే.

పౌలు రోమా సంఘమును చూడగోరినది ఇట్టి దర్శనమునకు కాదు. వారికి ఆత్మీయమైన మేలు చేయుటయే గాక, వారి విశ్వాసముచేత తానును ఆదరణ పొందవలెనని ఆయన ఆశించెను. ఈ మాట తలచినప్పుడెల్ల మన మానుకోట సీమలోనే పాటుపడి కన్నుమూసిన బిషప్ అజరయ్యగారు నాకు జ్ఞాపకమునకు వచ్చుదురు.

వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు 1874 ఆగస్టు 17న తమిళదేశమందలి తిరునెల్వేలి ప్రాంతమున వెల్లాలన్‌విలై గ్రామములో జన్మించిరి. తండ్రి థామస్ వేదనాయగంగారు గ్రామ గురువు. తల్లి హన్నావలె కుమారునికొరకు ఏండ్ల తరబడి ప్రార్థించినందున శామ్యూల్ అను పేరు పెట్టిరి. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిన పిమ్మట, 1895 నుండి వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా యౌవనస్థుల మధ్య పనిచేసిరి. 1898లో అన్బు మరియమ్మగారిని వివాహమాడిరి.

1902లో ఆయన శ్రీలంకలోని జాఫ్నాకు అతిథిగా వెళ్లిరి. అచ్చటి తమిళ క్రైస్తవులు పరదేశ ధనముకొరకు ఎదురుచూడక, తామే కానుకలు వేసికొని సువార్త పనివారిని పంపుచుండిరి. అది ఆయన మనస్సును పొడిచెను. తిరునెల్వేలిలో ఎన్నో తరములుగా సంఘమున్నది గదా, మనమెవరిని పంపితిమి అని తన్ను తాను ప్రశ్నించుకొనిరి. చూచినదానిని ముచ్చటగా చెప్పుకొని ఊరకుండలేదు. మరుసటి యేడు, 1903 ఫిబ్రవరిలో, పాలయంకోట్టైలో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపింపబడెను. ఆ సంఘమువారు పని ఆరంభించిన చోటు నిజాం రాజ్యములోని దొర్నకల్.

ఇతరులను పొమ్మని పురికొల్పిన ఆయన తానును పోవలసినవాడేనని గ్రహించిరి. 1909లో పేరుగల ఉద్యోగము విడిచి, గురుపట్టము పొంది, దొర్నకల్‌కు కదలివచ్చిరి. మొదట డేరాయే నివాసము. తమిళుడైన ఆయనకు ఇది పరాయి భాష, పరాయి దేశము. ముప్పది అయిదేండ్ల వయస్సులో తెలుగు నేర్చుకొని మనవారి భాషలోనే ప్రసంగించిరి.

1910 జూన్‌లో స్కాట్లండులోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. దాదాపు 1,200 మంది ప్రతినిధులలో ఆసియావారు ఇరువదిమందికి లోపే. అచ్చట అజరయ్యగారు మిషనరీల త్యాగమునకు కృతజ్ఞత తెలిపిరి. పిమ్మట మెత్తగా కాని దాచక ఒక లోపమును ఎత్తి చూపిరి. భారతీయ పనివారితో కలిసి భుజించుట, ఇంటికి పిలుచుట, సమానులుగా మెలగుట అరుదని చెప్పి, దానములకంటె మాకు స్నేహితులు కావలెనని అడిగిరి. కొందరికి ఆ మాటలు రుచింపలేదు. కాని ఆయన అడిగిన ఆ స్నేహమును తాను దొర్నకల్‌లో చూపవలసియుండెను గదా!

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన అభిషేకము జరిగెను. ఆంగ్లికన్ సంఘములో భారతీయులలో మొదటి బిషప్ ఆయనయే. అయినను ఆయన పయనము ఎడ్లబండి మీదనే, మాలపల్లెలకు, మాదిగపల్లెలకే సాగెను. అన్బు మరియమ్మగారు స్త్రీల మధ్య పాటుపడిరి. బాప్తిస్మము పొందినవారు తమ తలమీద చెయ్యి పెట్టుకొని, 1 కొరింథీ 9:16లోని భారమును తమదిగా ఒప్పుకొనునట్లు ఆయన నేర్పిరి. సాక్ష్యపు వారములో కూలివారు, పాలేరులు, స్త్రీలు ప్రక్క పల్లెలకు సువార్త మోసికొని పోయిరి. ఇల్లాండ్రు వంట వేళ పిడికెడు బియ్యము తీసి దేవునికని వేరుగా ఉంచిరి. నిన్నటివరకు ఎవరో వచ్చి చూచిపోయిన పల్లెలు, తామే లేచి ఇతరులను చూడబోయినవి. ఆయన చివరి యేండ్లకు ఆ అధ్యక్షమండలములోని విశ్వాసులు రెండు లక్షలు దాటిరి.

1939 జనవరి 6న దొర్నకల్‌లో ఎపిఫనీ కథీడ్రల్ ప్రతిష్ఠింపబడెను. జనగామనుండి గాని భూపాలపల్లినుండి గాని వెళ్లినవారు దానిని చూడవచ్చును. అందులో మసీదు గుమ్మటములును, దేవాలయపు స్తంభముల పోలికయు కలవు. ఈ దేశపు శిల్పమంతయు క్రీస్తు పాదములయొద్దకు తేబడినది. 1945 జనవరి 1న ఆయన దొర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించిరి. ఆయన ఎంతో ప్రయాసపడిన దక్షిణ ఇండియా సంఘైక్యము 1947 సెప్టెంబరు 27న నెరవేరెను. దానిని ఆయన కన్నులార చూడలేదు.

ప్రియులారా, జాఫ్నాకు అతిథిగా వెళ్లి నేర్చుకొన్నవాడే దొర్నకల్‌కు వచ్చి మనవాడాయెను. ఈసారి అతిథులు వచ్చినప్పుడు పెంకులను చూపుట తప్పు కాదు. కాని వారిని మన ప్రార్థనాపరురాలైన ముసలమ్మ గుడిసెకును తీసికొనిపోవుదము. మన విస్తరిలోనిది వారికి పెట్టుదము. వారి కష్టములను అడిగి వారికొరకు ప్రార్థించుదము. మరునాడు మనమే ప్రక్క పల్లెకు నడుతము. మన పల్లెనుండి ఎవరును ఇంతవరకు అడుగుపెట్టని గుడిసె ఏది? ఈ నెలలో ఆలోచించుడి.

ప్రార్థన: ప్రభువా, పరలోకము విడిచి మమ్మును దర్శించి మా మధ్య నివసించితివి. చెయ్యి చాచి అడుగుటయే గాక చెయ్యి పట్టుకొనుటయు మాకు నేర్పుము. ఆమెన్.