అడ్రస్‌కు మ్యాప్ గీసిన ఫ్రెషర్

ఎక్స్‌పీరియెన్స్ లేదని మిమ్మల్ని పక్కన పెట్టారా? అయితే టామ్ కిల్‌బర్న్ గురించి తెలుసుకోండి.

ఆయన 1921లో ఇంగ్లండ్‌లోని డ్యూస్‌బరీలో పుట్టారు. కేంబ్రిడ్జ్‌లో చదివింది గణితం. 1942లో, యుద్ధం మధ్యలో, మాల్వెర్న్‌లోని రాడార్ పరిశోధన కేంద్రంలో చేరారు. అనుభవజ్ఞుడు వస్తాడనుకున్న టీమ్ లీడర్ ఫ్రెడ్డీ విలియమ్స్, ఎలక్ట్రానిక్స్‌లో చిన్న కోర్సు మాత్రమే చేసిన ఈ కుర్రాణ్ని చూసి నిరాశపడ్డారు. యుద్ధం అయ్యాక మాంచెస్టర్ యూనివర్సిటీకి వెళ్తూ, అదే విలియమ్స్ ఆయన్ని వెంట తీసుకెళ్లారు.

1948 జూన్ 21న అక్కడ 'బేబీ' అనే కంప్యూటర్ పనిచేసింది. దాని మెమరీ 32 వర్డ్స్. అందులో నడిచిన 17 లైన్ల ప్రోగ్రామ్ రాసింది కిల్‌బర్నే. జవాబు రావడానికి 52 నిమిషాలు పట్టింది.

తర్వాత ఆయన ముందున్న పెద్ద సమస్య మెమరీయే. వేగంగా పనిచేసే కోర్ మెమరీ కొంచెమే ఉండేది. మిగతా డేటా నెమ్మదిగా తిరిగే డ్రమ్‌లో ఉండేది. ఎప్పుడు ఏది ఎక్కడికి మార్చాలో ప్రోగ్రామరే చూసుకోవాలి. 1962లో ప్రారంభమైన అట్లాస్ కంప్యూటర్‌లో కిల్‌బర్న్ టీమ్ ఈ తలనొప్పి తీసేసింది. మెమరీని 512 వర్డ్స్ చొప్పున పేజీలుగా విడగొట్టారు. ప్రోగ్రామ్ ఇచ్చే అడ్రస్ వేరు, డేటా నిజంగా ఉన్న చోటు వేరు. ఆ రెంటినీ 32 పేజీ రిజిస్టర్లు కలిపేవి. పేజీ కోర్‌లో లేకపోతే సూపర్‌వైజర్ ప్రోగ్రామే డ్రమ్ నుంచి తెచ్చేది. మీరు చదివే వర్చువల్ మెమరీ మొదలైంది ఇక్కడే.

కాష్ ఆ తర్వాత వచ్చింది. ఇప్పుడు కెర్నల్ పేజీ టేబుల్‌లో అడ్రస్‌తో పాటు ఆ పేజీని కాష్ చేయొచ్చా, లేదా అన్నది కూడా రాసుకుంటుంది. నా మొదటి ఇంటర్వ్యూలో డివైస్ రిజిస్టర్‌ని కాష్ చేయొచ్చా అని అడిగారు. స్పీడ్ పెరుగుతుంది కదా అని చేయొచ్చన్నాను. ఉద్యోగం రాలేదు!

ఎందుకు తప్పో చూడండి. నెట్‌వర్క్ కార్డు పని ముగించి తన స్టేటస్ మార్చింది. కాష్‌లో మాత్రం పాత విలువే ఉంది. ప్రాసెసర్ దాన్నే చదువుతూ ఉంటే మీ డ్రైవర్ ఎదురుచూస్తూనే ఉంటుంది. అందుకే అలాంటి అడ్రస్‌లను అన్‌కాష్డ్‌గా మ్యాప్ చేస్తారు. లైనక్స్‌లో 'ఐఓరీమ్యాప్' చేసేది ఇదే. మామూలు ర్యామ్‌ని మాత్రం కాష్డ్‌గానే ఉంచుతారు, లేకపోతే సిస్టమ్ నత్తనడక నడుస్తుంది.

కిల్‌బర్న్ 1964లో మాంచెస్టర్‌లో కంప్యూటర్ సైన్స్ విభాగం స్థాపించారు, 2001లో కన్నుమూశారు. ఇంటర్వ్యూకి వెళ్లే ముందు ఒక కాగితం మీద ఆ మ్యాప్ మీరే గీయండి: వర్చువల్ పేజీ, ఫిజికల్ పేజీ, పక్కన కాష్డా, అన్‌కాష్డా. ఎందుకో ఒక్క వాక్యంలో చెప్పగలిగితే మీరు రెడీ.