గ్రాములు తూచి గడిచిన బాల్యం

1922 ఆగస్టులో కెనడాలోని టొరంటో నగరానికి ఓ అమ్మాయి వచ్చింది. మరో మూడు నాలుగు రోజుల్లో పదిహేనేళ్లు నిండుతాయి. ఎత్తు దాదాపు 5 అడుగులు, బరువు మాత్రం 20 కిలోలు! మన ఇళ్లలో ఆరేళ్ల పిల్లలు ఉండే బరువది. వెంట తల్లి ఉంది, ఓ నర్సు ఉంది.

ఆ అమ్మాయి పేరు ఎలిజబెత్ హ్యూస్. తండ్రి చార్లెస్ ఎవాన్స్ హ్యూస్ 1916లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీచేసి ఓడిపోయారు. 1921లో ఆ దేశ విదేశాంగ మంత్రి అయ్యారు. అంత హోదా ఉండీ ఏం లాభం? 1919లో, పదకొండేళ్ల కూతురికి షుగరు జబ్బని తేలేసరికి ఇంటిల్లిపాదీ కుప్పకూలిపోయారు. అప్పటికింకా ఇన్సులిన్ లేదు. పిల్లలకి ఈ జబ్బు వస్తే ఏడాదో రెండేళ్లో బతికేవారంతే.

అప్పట్లో డాక్టర్ ఫ్రెడరిక్ ఆలెన్ దగ్గర ఒక్కటే దారి ఉంది. పస్తు! ఒంట్లో చక్కెర పేరుకోకుండా తిండి తగ్గించేయడం. దీంతో జబ్బు నయం కాదు, చావు కొంచెం వెనక్కి జరుగుతుంది. ఈలోగా ఎవరైనా మందు కనిపెట్టకపోతారా అన్నదే ఆశ.

ఇక్కడే నర్సు బ్లాంచ్ గురించి చెప్పుకోవాలి. ఎలిజబెత్‌ని కనిపెట్టుకుని ఉండేందుకే ఆమెని పెట్టారు. ప్రతి ముద్దా త్రాసులో తూచాలి. కూరగాయల్లోని పిండిపదార్థం పోవాలని వాటిని మూడేసిసార్లు ఉడికించి నీళ్లు పారబోయాలి. మూత్రాన్ని మందునీళ్లలో కలిపి మరిగించి రంగు చూడాలి. నీలంగానే ఉంటే గండం గడిచినట్టు. ఇటుక రంగుకి తిరిగితే మళ్లీ పస్తే. ఎదిగే వయసు పిల్ల ఆకలితో కళ్లల్లోకి చూస్తుంటే కంచం వెనక్కి తీసెయ్యడం ఏ తల్లికైనా సాధ్యమేనా? నాకైతే అనుమానమే. ప్రేమ ఉండాలి, చెయ్యి మాత్రం వణక్కూడదు. బ్లాంచ్ చేసింది ఆ పనే. చలికాలంలో బెర్ముడా దీవికి వెళ్లినా తల్లి స్థానంలో పక్కన ఉన్నది ఆమే.

1922 జనవరిలో టొరంటోలో మొదటిసారి ఓ కుర్రాడికి ఇన్సులిన్ ఇచ్చారు. సంగతి తెలిసి ఎలిజబెత్ తల్లి ఆంట్వానెట్, డాక్టర్ బాంటింగ్‌కి ఉత్తరం రాసింది. మందు లేదని ఆయన మొదట కాదన్నారు. ఆగస్టులో రమ్మన్నారు. అప్పటికి పిల్ల ఎముకల గూడులా ఉంది.

సూదులు మొదలయ్యాయి. తొలినాళ్ల ఇన్సులిన్ అంత శుద్ధమైంది కాదు, పైగా ఒకేసారి బోలెడు మందు ఎక్కించాలి. తుంటి వాచిపోయేది. అయితేనేం, రెండు వారాలకల్లా రోజుకి రెండు వేల కేలరీలు దాటి తినగలిగింది. మూడేళ్ల తర్వాత తెల్ల బ్రెడ్డు రుచి చూసింది! తల్లి తిరిగి వెళ్లిపోయినా బ్లాంచ్ టొరంటోలోనే ఉండిపోయింది. ఇప్పుడు భయం రెండోవైపు నుంచి. మందు ఎక్కువైతే చక్కెర పడిపోయి చెమటలు, వణుకు. వెంటనే తీపి ఏదైనా నోట్లో పెట్టాలి. తిండి ఆపే నర్సే తిండి పెట్టే నర్సయింది. కొద్ది వారాల్లో ఎలిజబెత్ తన సూది తనే పొడుచుకోవడం నేర్చుకుంది. నవంబరు చివర్లో ఇంటికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత చదువు. 1929లో బర్నార్డ్ కాలేజీలో డిగ్రీ. మరుసటేడు విలియం గాసెట్ అనే లాయరుతో పెళ్లి, ముగ్గురు పిల్లలు. అమెరికా సుప్రీంకోర్టు చరిత్ర సంఘం స్థాపనలోనూ ఆమెది ముఖ్యపాత్ర.

ఒక్క విషయం మాత్రం దాచింది. తన జబ్బు సంగతి దగ్గరి స్నేహితులకి కూడా చెప్పలేదు. తండ్రి కాగితాల్లో దాని ప్రస్తావన లేకుండా చేసింది. జాలి చూపులంటే అంత భయమా, లేక ఆ ఆకలి రోజులు గుర్తు చేసుకోవడమే ఇష్టంలేదా? బ్లాంచ్ పడ్డ శ్రమా ఆ మౌనంలోనే ఉండిపోయేది. చిన్నప్పుడు తల్లికి రాసిన ఉత్తరాలు మిగిలాయి కాబట్టి మనకీ కథ తెలిసింది.

1981లో, 73 ఏళ్ల వయసులో ఎలిజబెత్ కన్నుమూసింది. అప్పటికి ఆమె తీసుకున్న ఇన్సులిన్ సూదులు 42 వేలుంటాయని ఓ లెక్క.